నక్షత్రం కట్టిన చేతులు

క్రైస్తవ కుటుంబంలో పెరిగిన అరవై ఏళ్ల పెద్దమనిషిని ఎవరినైనా 'చిన్నప్పుడు క్రిస్మస్‌కి మీకేం కానుకలు వచ్చేవి?' అని అడిగి చూడండి. కాసేపు ఆలోచిస్తారు. ఓ పెన్నో, బంతో, రిబ్బనో పేరు చెప్పి ఊరుకుంటారు. అదే మనిషిని 'పండగ పనుల్లో మీ వాటాకి ఏమొచ్చేది?' అని అడిగితే ఇక ఆపడం కష్టం. నక్షత్రానికి మైదా జిగురు కాచింది తామేనంటారు. పాటల బృందంతో రాత్రంతా తిరుగుతూ హార్మోనియం పెట్టె మోశామంటారు. పక్క వీధికి అరిసెల పళ్లెం పట్టుకెళ్తూ దారిలో ఒకటి మాయం చేసిన సంగతి కూడా ఒప్పేసుకుంటారు.

కానుకలు మర్చిపోయి పనులు గుర్తుండటంలో వింతేమీ లేదు. కానుక అందుకునే పిల్లాడు పండగకి చుట్టం లాంటివాడు. పని అందుకున్న పిల్లాడు ఇంటివాడు. తెలుగునాట క్రిస్మస్ సంప్రదాయాలు ఇన్ని తరాలు నిలబడ్డాయంటే అలా ఇంటివాళ్లయిన పిల్లలే కారణం. ఇప్పుడు చాలా ఇళ్లలో పిల్లలకు కానుకలు పెరిగాయి, పనులు తగ్గాయి. ఆలోచించాల్సింది అక్కడే.

పది బద్దలు, అయిదు పుల్లలు

డిసెంబరు ఒకటో తారీఖు వచ్చేసరికి ఇంటి ముందు నక్షత్రం వెలగాలన్నది పాత పట్టింపు. తూర్పు దేశపు జ్ఞానులకు దారి చూపిన ఈ నక్షత్రం కథ బైబిలులో మత్తయి సువార్త రెండో అధ్యాయంలో వస్తుంది. ఇప్పుడంటే అట్టతో చేసినవి, ఎల్‌ఈడీ దీపాలవి బజారులో రకరకాలు దొరుకుతున్నాయి. వెనకటి రోజుల్లో పల్లెల్లో నక్షత్రం అంటే ఇంట్లో కట్టుకోవాల్సిందే.

కట్టడంలో కిటుకు ఉంది. అయిదు వెదురు బద్దల్ని ఒకదాని మీదుగా ఒకటి పెట్టి బిగిస్తే ఒక చుక్క తయారవుతుంది. అలాంటివి రెండు చేసి కొనలు కలిపి దారంతో కట్టాలి. ఆ తర్వాత లోపలి మూలల దగ్గర, రెండు చట్రాల మధ్య అయిదు చిన్న పుల్లలు నిలబెడితే నక్షత్రానికి పొట్ట వస్తుంది. బల్బు కూర్చునేది ఆ పొట్టలోనే. పైన గాలిపటాల కాగితం అతికించి, బల్బు దూర్చడానికి ఒక చోట మాత్రం వదిలేయాలి. పుల్ల పొట్టిదైతే కాగితం బల్బుకి తగిలి మాడుతుంది. పొడుగైతే కొనల దగ్గర దారం తెగుతుంది.

ఈ పనిలో అందరికీ వాటా ఉండేది. కత్తితో బద్ద చీల్చడం తండ్రి వంతు. ముడి వేయడం పెద్దవాడి వంతు. ఏ మూలకి ఏ రంగు కాగితమో తేల్చేది అక్క. ఏమీ చేతకాని చిన్నవాడికి దారపు ఉండ పట్టుకునే ఉద్యోగం ఇచ్చేవారు. నక్షత్రం తాటికమ్మల ఇంటి పైకి ఎక్కి వెలిగాక వీధిలో వెళ్లేవాళ్లందరికీ 'నేనే కట్టా' అని చెప్పేది మాత్రం ఆ దారపు ఉండ పట్టుకున్న చిన్నవాడే.

ఉన్నదానితోనే పండగ

పాత తరం చేసిన మరో మంచి పని, లేనిదాని కోసం ఎదురుచూడకపోవడం. క్రిస్మస్ చెట్టు జర్మనీలో పుట్టిన ఆచారం. 1848లో విక్టోరియా రాణి కుటుంబం ఆ చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ ఒక లండన్ పత్రికలో వచ్చాక ఇంగ్లండులో ఇంటింటికీ పాకింది. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లూథరన్ బోధకుడు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ గుంటూరు చేరింది 1842లో. ఆయన్నే ఆ ప్రాంతం వాళ్లు ఫాదర్ హేయర్ అంటారు. అలా మిషనరీల వెంట ఆచారాలైతే వచ్చాయి గానీ, వాళ్ల దేశపు చలిచెట్టు గుంటూరు ఎండల్లో ఎక్కడ దొరుకుతుంది? చీరాల, బాపట్ల తీరంలో సరుగుడు తోటలున్నాయి. సన్నగా వేలాడే ఆకులతో సరుగుడు కొమ్మ అచ్చం క్రిస్మస్ చెట్టులాగే ఉంటుంది. ఇసుక పోసిన పాత డబ్బాలో దాన్ని నిలబెట్టి, మంచుకి బదులు దూది అంటిస్తే పని అయిపోయేది. తీరానికి దూరంగా ఉన్న ఊళ్లలో దొరికిన పచ్చని కొమ్మే చెట్టు.

పశువుల పాక బొమ్మ కథా అంతే. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్, గడ్డి పరిచి, నిజం ఎద్దునీ గాడిదనీ నిలబెట్టి క్రీస్తు పుట్టుకను జనానికి కళ్లకు కట్టించారు. ఆయన కూడా ఆ ఊళ్లో దొరికిన వాటితోనే చేశారు. ఇక్కడ కోతలయ్యాక వచ్చే కొత్త వరిగడ్డితో పాక వేసేవారు. పది రోజుల ముందే పళ్లెంలో మట్టి పోసి ఆవాలో మెంతులో చల్లితే పండగ నాటికి పచ్చిక సిద్ధం. రోజూ నీళ్లు చిలకరించడం పిల్లల బాధ్యత. ఆవు బొమ్మ తక్కువైతే పక్కింటివారి బొమ్మల కొలువు పెట్టెలోంచి అరువు వచ్చేది. సంక్రాంతికి మళ్లీ ఆ ఆవు క్షేమంగా కొలువు చేరేది.

ఇళ్లలో జరిగిన ఈ పనే గుళ్లు కట్టడంలోనూ జరిగింది. 1912లో డోర్నకల్ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆయన హయాంలో డోర్నకల్‌లో లేచిన ఎపిఫనీ కెథెడ్రల్ 1939లో ప్రారంభమైంది. అందులో ఆలయాల స్తంభాలూ ఉన్నాయి, మసీదుల గుమ్మటాలూ ఉన్నాయి. ఎపిఫనీ అంటే జ్ఞానులు బాలయేసును దర్శించుకున్న రోజు, జనవరి 6. పండగ ఎక్కడి నుంచి వచ్చినా దాని ఇల్లు మాత్రం ఇక్కడి మట్టితో కట్టుకోవాలన్న ఆలోచన ఆ గోడల్లో కనిపిస్తుంది.

పాకం చూసే వేళ్లు

కృష్ణా, గోదావరి డెల్టాల్లో క్రిస్మస్ వచ్చేది కొత్త ధాన్యం ఇంటికి చేరే రోజుల్లోనే. అందుకే అక్కడి క్రైస్తవుల ఇళ్లలో క్రిస్మస్ పిండివంటలకీ, మూడు వారాల తర్వాత హిందువుల ఇళ్లలో వచ్చే సంక్రాంతి పిండివంటలకీ పెద్దగా తేడా ఉండదు. అవే అరిసెలు, అవే జంతికలు, అవే కజ్జికాయలు. అదనంగా చేరేవి గులాబీ పువ్వులు. తర్వాతి కాలంలో బేకరీ కేకు కూడా వచ్చి చేరింది.

అరిసె అంత తేలిగ్గా లొంగే వంట కాదు. నానిన బియ్యాన్ని తడి ఆరకముందే దంచి జల్లించాలి. బెల్లం పాకం చుక్క నీళ్లలో వేస్తే వేళ్ల మధ్య మెత్తటి ఉండ కావాలి. ఆ క్షణం దాటితే అరిసె రాయి అవుతుంది, ముందే దించితే నూనెలో విచ్చిపోతుంది. గులాబీ పువ్వులకి ఇంకో నియమం. ఇనప అచ్చుని ముందు నూనెలో బాగా కాగనివ్వాలి. పిండిలో ముప్పావు వంతే ముంచాలి. నిండా మునిగితే పువ్వు అచ్చుని వదలదు.

ఈ కొలతలు చాలా ఇళ్లలో ఏ పుస్తకంలోనూ లేవు. అమ్మమ్మల, నాయనమ్మల వేళ్లలో ఉన్నాయి. 'ఎంత బెల్లం వేయాలి నాయనమ్మా?' అంటే 'పిండి అడిగినంత వేయవే' అనే రకం వాళ్లు. పక్కన కూర్చుని నువ్వులు అద్దిన మనవరాలికే ఆ లెక్క అందుతుంది. కూర్చోని మనవరాలికి రుచి ఒక్కటే గుర్తుంటుంది, దారి తెలియదు.

ఒక నిజం కూడా చెప్పుకోవాలి. పిల్లలకి తీపి జ్ఞాపకంగా మిగిలిన ఆ వారం, ఇంటి ఆడవాళ్లకి నడుం విరిగే చాకిరీ. రోకలి, పొయ్యి, పొగ, ఆపైన పండగ పూట వచ్చిపోయే చుట్టాలు. తెల్లవారుజామున గుడికి వెళ్లే వేళకి తల్లి కళ్లు నిద్ర లేక ఎర్రబడి ఉండేవి. ఆ రోజుల్ని తలుచుకుని మురిసిపోయే మగవాళ్లు ఆ కళ్లనీ గుర్తు చేసుకోవాలి. ఉద్యోగం చేసే ఈనాటి ఇల్లాలు మిఠాయి కొట్టుకి ఫోన్ చేసిందంటే తప్పు పట్టాల్సిన పని లేదు. ఆ సంప్రదాయం నిలవాలంటే జల్లెడ ఆమె ఒక్కదాని చేతిలోనే ఉండకూడదు, అంతే.

గడప గడపకీ పాట

పండగకి ముందు రాత్రుల్లో పాటల బృందాలు ఊరంతా తిరుగుతాయి. ముందు పెట్రోమాక్స్ లైటు, వెనక మెడకి తగిలించుకున్న హార్మోనియం, డోలక్, తాళాలు, మంకీ టోపీలు పెట్టుకున్న పిల్లలు. ఒక ఇంట్లో టీ, ఇంకో ఇంట్లో బిస్కెట్లు, మరో ఇంట్లో అటుకులు. చివరి ఇల్లు చేరేసరికి కోడి కూసేది. అప్పటికి సగం మంది పిల్లలు ఎవరో ఒకరి భుజం మీద నిద్రపోతూ ఉండేవారు. పెట్రోమాక్స్ పోయి సెల్‌ఫోన్ లైట్లు వచ్చినా తిరగడం మాత్రం ఆగలేదు.

ఆ పాటల వెనక ఘనమైన చరిత్ర ఉంది. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి కవులు రాసిన కీర్తనలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అనే పాటల పుస్తకంలో ఉన్నాయి. చాలా పాటల పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. అక్షరం రాని తాతలు కూడా వాటిని రాగం తప్పకుండా పాడేవారు. తాత తొడ మీద తాళం వేయడం చూసి నేర్చుకున్న పిల్లలు పెద్దయ్యాక సంఘంలో పాట ఎత్తుకునేవారు.

ఇక ఆదివారం బడి పిల్లల నాటకం. గొర్రెల కాపరికి తలపాగా నాన్న తువ్వాలే. దేవదూత రెక్కలు అట్టముక్కలు. జ్ఞానులు ఎంతమందో బైబిలు చెప్పలేదు. తెచ్చిన కానుకలు మూడు కాబట్టి ముగ్గురనుకోవడం అలవాటైంది. పిల్లలు ఎక్కువున్న ఊళ్లో జ్ఞానులు అయిదుగురైనా ఎవరూ కాదనలేదు. హేరోదు వేషానికి మాత్రం ఏటా పోటీయే. పెద్ద గొంతుతో అరిచే అవకాశం ఒక్క హేరోదుకే ఉంటుంది మరి.

కరువు నేర్పిన పాఠం

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో క్రిస్మస్ అంటే కొత్త బట్ట, కడుపునిండా భోజనం అనే మాట గట్టిగా నాటుకుపోయింది. దానికి కారణం చరిత్రలో ఉంది. 1876-78 మహా కరువులో ఒంగోలులో పనిచేస్తున్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడు మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి పని కల్పించారు. తిండి కోసం మతంలో చేరుతున్నారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశారు. కరువు తగ్గాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువ మంది తరతరాలుగా ఊరి చివరికి నెట్టివేతకు గురైన కుటుంబాలవారు.

మెదక్ కథా కరువుతో ముడిపడినదే. చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో 1914లో మొదలైన అక్కడి కెథెడ్రల్ పని, కరువు కాలంలో కూలీలకి అన్నం పెట్టింది. అది ప్రారంభమైంది 1924 డిసెంబరు 25న, అంటే సరిగ్గా క్రిస్మస్ రోజున. 2024తో నూరేళ్లు నిండాయి. రంగు రంగుల అద్దాల కిటికీల్లో ఒకదాని మీద క్రీస్తు జననం ఉంటుంది. ఏటా క్రిస్మస్‌కి అక్కడికి కుటుంబాలతో తరలివచ్చే వేల మందిలో చాలామంది క్రైస్తవులు కానివారే.

అలాంటి కుటుంబాల్లో కొత్త బట్ట ఏడాదికి ఒక్కసారే. ఒకే తానులోంచి ఇంట్లో మగపిల్లలందరికీ చొక్కాలు, ఆడపిల్లలందరికీ గౌన్లు కుట్టించేవారు. పెరిగే వయసని రెండు అంగుళాలు వదులు. గుళ్లో వరసగా నిలబడితే ఎవరి పిల్లలో అడగాల్సిన అవసరం ఉండేది కాదు. దర్జీ 'కాజాలొక్కటే మిగిలాయి బాబూ' అంటూ ఇరవై నాలుగు రాత్రి దాకా తిప్పేవాడు. అతని కొట్టు ముందు కూర్చున్న గంటలు కూడా పండగలో భాగమే.

ఆ చొక్కా కూడా రాని పిల్లలుండేవారు. పంట పోయిన ఏడు, తండ్రి పోయిన ఏడు, పాత చొక్కా ఉతికి ఇస్త్రీ చేసుకుని గుళ్లో వెనక వరసలో నిలబడ్డ పిల్లాడికి క్రిస్మస్ అంటే ఆ సిగ్గే గుర్తు. ఇది ఊరి పెద్దలకి తెలుసు. చాలా సంఘాల్లో వితంతువులకి చీరలు, పేద పిల్లలకి బట్టలు పంచే ఆచారం, అందరూ ఒకే పంక్తిలో కూర్చుని తినే ప్రేమవిందు అందుకోసమే. మంచి ఇళ్లలో ఇంకో పద్ధతి ఉండేది. బట్టలు ఇచ్చేటప్పుడు వేదిక మీదికి పిలవకుండా, ముందు రోజు రాత్రి పిల్లల చేత ఇంటికి పంపేవారు. ఇచ్చే చేతి పరువు కంటే పుచ్చుకునే చేతి పరువు ముఖ్యమని ఆ సంచీ మోసిన పిల్లలు వేరే పాఠం చదవకుండానే నేర్చుకున్నారు.

పళ్లెం ఖాళీగా తిరిగి రాదు

పండగ రోజు ఆరాధన అయ్యాక అసలు హడావుడి పళ్లేలది. స్టీలు పళ్లెంలో నాలుగు అరిసెలు, గుప్పెడు జంతికలు, ఒక కేకు ముక్క. పైన చేత్తో అల్లిన గుడ్డ. ఎవరింటికి ఎన్ని పళ్లేలు వెళ్లాలో తల్లి మనసులో జాబితా ఉండేది. వీధిలో ముగ్గులు పెడుతూ ధనుర్మాసం జరుపుకునే ఇళ్లు, రంజాన్‌కి సేమియా పంపే ఇల్లు, బడి పంతులుగారి ఇల్లు. 'అమ్మ ఇమ్మందండీ' అని పళ్లెం అందించడం, 'ఉండమ్మా, గిన్నె ఖాళీగా తీసుకెళ్లకూడదు' అని వాళ్లు పంచదారో, అరటిపండో వేసి పంపడం. ఆ తిప్పటలో పిల్లలకి ఊరు పరిచయమయ్యేది. ఎవరింట్లో ముసలాయనకి బాగోలేదో, ఎవరి కోడలు పురిటికి వెళ్లిందో అన్నీ తెలిసేవి.

నగరాల అపార్టుమెంట్లలో ఇప్పుడు ఎదుటి ఫ్లాట్‌వారి పేరు తెలియకుండా ఏళ్లు గడిచిపోతున్నాయి. పళ్లెం పట్టుకుని తలుపు తట్టడానికి క్రిస్మస్ కంటే మంచి వంక ఏముంటుంది?

ఎవరి పని వారికి

గుంటూరులో డిసెంబరు 25 తెల్లవారుజామున అయిదు గంటలకి గుడి గంట మోగే సమయానికి అమెరికాలోని డాలస్‌లో ఇంకా 24 సాయంత్రం అయిదున్నర. ఊళ్లో తల్లి ఒక్కతే ఉంటుంది. కొడుకు వీడియో కాల్ చేసి మనవలకి చెట్టు కింద పేర్చిన కానుకలు చూపిస్తాడు. వాళ్లు 'హాయ్ నానమ్మా' అని చెయ్యి ఊపి పరుగెత్తుతారు. రెండు నిమిషాల్లో మాటలు అయిపోతాయి. ప్రేమ తక్కువై కాదు, కలిసి చేసే పని లేకపోవడం వల్ల.

అదే కాల్ నాలుగు రోజుల ముందు, పిండి కలిపే వేళ చేస్తే సంగతి మారుతుంది. 'నానమ్మా, ఈ పాకం చాలా?' అని మనవరాలు గిన్నె చూపిస్తే ఆ పెద్దావిడ గంట సేపు ఫోన్ వదలదు. అరిసెలు విరిగినా నష్టం లేదు. వచ్చే ఏడు ఎందుకు విరిగాయో మాట్లాడుకోవడానికి ఒక కథ మిగులుతుంది. తాతగారు పాడే కీర్తన ఒకటి ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోవడం, నాయనమ్మ గుప్పెడుని ఒకసారి తూకం వేసి కాగితం మీద రాసుకోవడం కూడా ఖర్చులేని పనులే. ఇవి వాయిదా వేసుకున్న ఇళ్లలో ఆ తర్వాతి క్రిస్మస్‌కి అడగడానికి మనిషి ఉండకపోవచ్చు.

పిల్లలకి పని ఇవ్వడానికి వయసు అడ్డం కాదు. మూడేళ్లవాడు కాగితానికి జిగురు పూస్తాడు. ఆరేళ్ల పిల్ల ఆవాల పళ్లేనికి నీళ్లు చిలకరిస్తుంది. పదేళ్లవాడు పొరుగింటికి పళ్లెం తీసుకెళ్తాడు. పదిహేనేళ్లవాడికి జల్లెడ ఇస్తే సరి, ఆడపిల్లేనా, మగపిల్లాడైనా. కాగితం వంకరగా అంటుకుంటుంది, నీళ్లు నేల మీద ఒలుకుతాయి, పళ్లెంలో ఒక అరిసె తగ్గుతుంది. తగ్గిన ఆ అరిసె గురించి మాత్రం ఎవరూ అడక్కూడదు.